మధుమేహము – యువజనుల మూత్రపిండములు



నేఁటి సాయంకాలము నేను మీతో ముచ్చటింపఁబూనినది యొక వ్యాధియొక్క చరిత్రము. రాజుల చరిత్రము, యుద్ధముల చరిత్రము చెవుల కింపుగ నుండును. రోగముల చరిత్ర మట్టిది కాదు. ఐనను, రాజ్య మొకటి పోయిన వేఱొకటి వచ్చును గాని, యింటఁ బెరిగిన బిడ్డ పోయిన మఱల రాఁడు గదా! అందుచేత నీ కథను మీవంటి పెద్దల చెవిని వేయుట నా విధి యని తలంచితిని.

నేను ముప్పది యేండ్లకుఁ బైగా నుపాధ్యాయుఁడనుగా నుంటిని. ఒక సంవత్సరము ఎనిమిదవ తరగతిలో నొక బాలుఁడు గంటకు రెండుమారులు లేచి, "మాస్టరుగారూ, ఒంటికిఁ బోయి వత్తునండీ" అని సెలవడుగుచుండెడివాఁడు. కుండలోని నీటిలో సగము వాఁడే త్రాగెడివాఁడు. పాఠము తప్పించుకొను నెపమనుకొని నేనొకనాఁడు వానిని బెంచీమీఁద నిలువఁబెట్టితిని. పదునైదు దినములలో వాఁడు చిక్కి సగమయ్యెను. ఒకరాత్రి స్మృతి దప్పఁగా పట్టణమునకుఁ గొనిపోయిరి. అచ్చటి వైద్యులు మధుమేహమని నిర్ణయించి, ఇన్సులిన్ అను సూదిమందు నిచ్చి బ్రదికించిరి. "ముసలివారి జబ్బు పసివానికి వచ్చుట యేమి?" అని యూరంతయు వింతపడెను. వింతపడినవారిలో నేనును నొకఁడను. ఆ బాలుని తరువాతి కథను చివరఁ జెప్పెదను. ముందుగా వ్యాధి కథను వినుఁడు.

మన ప్రాచీన వైద్యు లీ వ్యాధిని బాగుగ నెఱుఁగుదురు. ప్రమేహము లిరువది విధములని యాయుర్వేదము చెప్పుచున్నది: కఫజములు పది, పిత్తజములు ఆఱు, వాతజములు నాలుగు. ఆ నాలుగింటిలోనిదే మధుమేహము. రోగి శరీరమునకును మూత్రమునకును చీమలు చేరుటను చరకుఁడు పూర్వరూపములలో నొకటిగా లెక్కించెను. సుశ్రుతుఁడు ప్రమేహమును సహజమనియు, అపథ్యమువలనఁ గలిగినదనియు రెండుగ విభజించెను. మొదటి రోగి కృశించి, అల్పాహారియై, దప్పిచే బాధపడుచుండును. రెండవవాఁడు స్థూలుఁడై, బహుభోజనుఁడై, పడకయందును పీఠమందును ప్రీతిగలవాఁడై యుండును. నేఁటి వైద్యులు చెప్పు మొదటి రకము, రెండవ రకము అను విభాగముతో నిది యన్నివిధముల సరిపోవునని నేననను. కాని చిక్కిన రోగియు బలిసిన రోగియు నొక్క తెగవారు కారని మనవారు గుర్తించియుండిరనుట నిక్కము.

పాశ్చాత్యులలో గ్రీకు వైద్యుఁడగు అరెటేయుసు, రోగి దేహమే కరఁగి మూత్రమై పోవుచున్నదని తలంచెను. 1674 లో ఇంగ్లాండు దేశీయుఁడగు థామస్ విల్లిసు మూత్రమునందలి తీపిని వర్ణించెను. 1776 లో మాథ్యూ డాబ్సను అను వైద్యుఁడు మూత్రమును కాఁచి యివిర్చి, అడుగున మిగిలినది చక్కెరయే యని చూపెను. రోగి రక్తమునందును తీపి యుండునని యాతఁడు కనుఁగొనెను.

ఇంతమంది వైద్యులు తీపిని గూర్చి వ్రాసిరి గాని, మధుమేహముగల బాలుర మూత్రపిండములు చెడుటను గూర్చి వ్రాయలేదు. ఇందులకుఁ గారణ మజ్ఞానము మాత్రమే కాదు. ఆ కాలమున మొదటి రకపు మధుమేహము వచ్చిన పిల్లవాఁడు నెలలలోనో, రెండు మూఁడేండ్లలోనో మరణించుచుండెను. మూత్రపిండములు చెడుటకుఁ బదునైదిరువది సంవత్సరములు పట్టును. చెడువఱకు వాఁడు బ్రదికియుండినఁగదా!

ఈలోపల మఱియొక వైపున మూత్రపిండముల కథ నడచినది. లండనునగరమందు గైస్ ఆసుపత్రి కలదు. అందు రిచర్డ్ బ్రైట్ అను వైద్యుఁడు దేహమంతయు నీరుపట్టి వాఁచిన రోగులను శ్రద్ధతోఁ బరిశీలించెను. వారి మూత్రమును చెంచాలోఁ బోసి దీపముపైఁ గాఁచినచో నది కోడిగ్రుడ్డులోని తెల్లసొనవలె గడ్డకట్టెను. వారు మరణించిన పిమ్మటఁ జూడఁగా మూత్రపిండములు చెడియుండెను. 1827 లో నాతఁడీ సంగతిని ప్రకటించెను. రక్తములోనే యుండవలసిన ఆల్బుమిన్ అను మాంసకృత్తు మూత్రములోనికి జాఱుట మూత్రపిండముల రోగమునకు గుర్తని లోకమునకుఁ దెలిసినది. ఈ చెంచాను జ్ఞాపకముంచుకొనుఁడు. ఈ కథలో నది మఱల వచ్చును.

1889 లో స్ట్రాస్‌బర్గు నగరమున మింకోవ్‌స్కీ, ఫాన్ మేరింగు అను నిరువురు పండితులు ఒక కుక్క శరీరమునుండి క్లోమగ్రంథిని తీసివైవఁగా దానికి మధుమేహము వచ్చెను. వ్యాధికి మూలము క్లోమమునఁ గలదని యట్లు తేలినది. కాని మందు దొరకుటకు మఱి ముప్పది యేండ్లు పట్టినది. ఆ నడుమఁ బిల్లలను బ్రదికించుటకు వైద్యులకుఁ దోఁచిన యుపాయ ముపవాసము. అన్నము తగ్గించిన కొలఁది చక్కెర తగ్గును. పిల్లవాఁడు కొన్ని నెల లెక్కువ బ్రదుకును. కాని యెముకలగూడై బ్రదుకును. కన్నబిడ్డ యాఁకలని యేడ్చుచుండఁగా పెట్టఁగూడదని వారింపఁబడిన తల్లుల దుఃఖమును మీరే యూహింపుఁడు.

1921 లో కెనడాదేశమందలి టొరాంటోనగరమున బాంటింగు, బెస్టు అను నిరువురు, మెక్లియాడు అను నాచార్యుని ప్రయోగశాలలో, క్లోమమునుండి యొక సారమును తీసిరి. 1922 జనవరి 11 వ తేదీన లియొనార్డు థాంప్సను అను బాలునకు దానినిచ్చిరి. వాఁడు ముప్పది కిలోగ్రాములైనఁ దూఁగని స్థితిలో నుండెను. మొదటి మందు మలినముగ నుండుటచే ఫలింపలేదు. కోలిపు అను రసాయనవేత్త శుద్ధిచేసిన మందును జనవరి 23 వ తేదీన నీయఁగా వాని రక్తములోని చక్కెర దిగెను. అదియే ఇన్సులిన్. కనుఁగొన్నవారు దానిపై హక్కును తలకొక డాలరునకు విశ్వవిద్యాలయమునకు వదలుకొనిరి. ఆ బాలుఁడు మఱి పదుమూఁడేండ్లు జీవించెను. ఆ యేఁటనే మందు నారంభించిన ఎలిజబెత్ హ్యూసు అను బాలిక 1981 దాఁక బ్రదికినది.

మృత్యువు వెనుదిరిగినదని లోకము సంతసించెను. వెనుదిరిగినది నిజమే, కాని వెడలిపోలేదు, వాకిటఁ గూర్చుండెను. 1936 లో బోస్టను నగరమందు కిమ్మెల్‌స్టీలు, విల్సను అను నిరువురు వైద్యులు మృతుల మూత్రపిండములను సూక్ష్మదర్శినితోఁ బరిశీలించి, వానిలోని సన్ననాళముల చుట్టలయందు గుండ్రని ముడులను గనుఁగొనిరి. ఆ మృతులలోఁ బెక్కురు మధుమేహరోగులు. పిమ్మట నింకొక సంగతి బయల్పడినది. బాల్యమున ఇన్సులిన్ చే బ్రదికినవారు పదునైదిరువది సంవత్సరములు గడచునప్పటికి, అనఁగా నింకను యౌవనమందే, కన్నులు మందగించి, రక్తపుపోటు పెరిగి, కాళ్లు వాఁచి వచ్చుచుండిరి. ఆ తరమువారిలో నూటికి ముప్పది నలువది మందికి మూత్రపిండములు చెడినవి. పూర్వము పదేండ్లకుఁ బోవలసిన ప్రాణము ముప్పదియేండ్లకుఁ బోవుచున్నదని తేలినది.

మూత్రపిండము చేయు పనిని గూర్చి రెండు మాటలు చెప్పవలసియున్నది. ఒక్కొక్క మూత్రపిండమునందు సుమారు పదిలక్షల జల్లెడలున్నవి. రెండును గలసి దినమునకు దాదాపు 180 లీటర్ల నీటిని రక్తమునుండి వడగట్టి, లీటరున్నర రెండు లీటర్లు మాత్రము వెలికి విడిచి, తక్కినదానిని మఱల రక్తమునకే చేర్చును. రక్తమునఁ జక్కెర మిక్కుటమైనచో నీ జల్లెడలు మొదట మితిమీఱి పనిచేయును. అలసిన యెద్దును చర్నాకోలతోఁ దోలినట్లు. రానురాను జల్లెడ గోడలు మందమగును. కన్నములు పాడై యాల్బుమిన్ జాఱును. తుదకు జల్లెడలు గట్టిపడి మూసికొనిపోవును. ఇంత జరుగుచున్నను నొప్పి యుండదు, మంట యుండదు, మూత్రము తగ్గదు. కాళ్లు వాఁచి, ముఖ ముబ్బి, అన్నము సహింపని దినము వచ్చునప్పటికి జల్లెడలలోఁ బెక్కుపాలు నశించియుండును.

అట్లు నశించినవారికి దిక్కేమి? 1943 లో హాలెండుదేశమున కోల్ఫు అను వైద్యుఁడు కొయ్యపీపాకుఁ బలుచని గొట్టము చుట్టి కృత్రిమ మూత్రపిండమును నిర్మించెను. 1954 లో బోస్టనునందు కవలసోదరులలో నొకని మూత్రపిండమును రెండవవానికి నమర్చిరి. 1960 లో సియాటిలునగరమున స్క్రిబ్నరు కల్పించిన యుపాయముచే రక్తమును మాటిమాటికి యంత్రమునఁ గడుగుట సాధ్యమయ్యెను. కాని యంత్రములు కొలఁది, రోగులు వేనవేలు. ఆ తొలిదినములలో మధుమేహరోగులను సాధారణముగఁ జేర్చుకొనకుండిరి. వారి దేహము లోర్వలేవని తలంచిరి. నేఁడో, అనేక దేశములందు డయాలిసిస్ యంత్రముకడ కూర్చుండువారిలో మధుమేహరోగులే మిక్కుటముగ నున్నారు.

ఇఁక బ్రైట్ చెంచాకడకు మరలుదము. చెంచాలో గడ్డకట్టునంత యాల్బుమిన్ జాఱునప్పటికే యాలస్యమైనట్లు. అంతకంటె ముందుగఁ దెలియు నుపాయము కావలసియుండెను. 1963 లో, బ్రైట్ పనిచేసిన యా గైస్ ఆసుపత్రిలోనే, హారీ కీను అను వైద్యుఁడును వాని సహాయులును మూత్రములోని మిక్కిలి స్వల్పమగు ఆల్బుమిన్‌ను గొలుచు విధానమును గల్పించిరి. 1982 లో నచటి వైద్యులే, అట్టి స్వల్పపు జాఱుడు గలవారికే మున్ముందు మూత్రపిండములు చెడునని చూపిరి. డెన్మార్కుదేశీయుఁడగు మోగెన్‌సెనును దీనిని దృఢపఱచెను. దొంగ యింటిలోఁ జొరఁబడిన పిమ్మటఁ గాక, గోడకుఁ గన్నము వేయునప్పుడే మేల్కొనుట సాధ్యమైనది.

మేల్కొని చేయఁదగిన పని యున్నదా? ఉన్నది. అమెరికా, కెనడాలలో మొదటి రకపు మధుమేహముగల 1,441 మందిని 1983 మొదలు 1993 వఱకుఁ బరీక్షించిరి. వారందఱును పదుమూఁడేండ్లు మొదలు ముప్పదితొమ్మిదేండ్ల వయసువారు. చక్కెరను శ్రద్ధతో నదుపులో నుంచికొన్న వర్గమునందు ఆల్బుమిన్ జాఱుట యారంభమగుట నూటికి 39 పాళ్లు తగ్గెను. అది ముదురుట 54 పాళ్లు తగ్గెను. 1993 లోనే కాప్టోప్రిల్ అను రక్తపుపోటు మందు మూత్రపిండములను గాపాడునని 409 మందియందు రుజువైనది; మరణము, డయాలిసిస్, అవయవము మార్చుట అనువాని యపాయము దానిచే సగమునకు దిగెను. ఈ మందు పుట్టుక వింతయైనది: బ్రెజిలుదేశపు నొక పాము విషమును పరిశీలించుటలో దీనికి దారి దొరకినది. ఐతే ఈ జాతి మందులు గర్భిణులకుఁ బనికిరావని యువతులు గుర్తెఱుఁగవలెను.

ఇంతవఱకుఁ జెప్పినది ప్రధానముగ మొదటి రకమును గూర్చి. రెండవ రకము ముదివయసు జబ్బని నిన్న మొన్నటిదాఁక నందఱును నమ్మిరి. ఆ నమ్మకమును బడఁగొట్టినవారిలో ముఖ్యులు అమెరికాయందలి అరిజోనాసీమలో గీలానదీతీరమున నివసించు పీమాజాతివారు. తమ్ముఁ దాము నదీజనులని చెప్పుకొనువారు. పూర్వము కాలువలు త్రవ్వి, మొక్కజొన్న, చిక్కుడు, ప్రత్తి పండించి సుఖముగ బ్రదికిరి. పందొమ్మిదవ శతాబ్దపుటుత్తరార్ధమునఁ బైవారు నది నీటిని మళ్లించుకొనఁగా పొలములెండినవి, కఱవు వచ్చినది. ప్రభుత్వమువారు పంచిన పిండి, చక్కెర, క్రొవ్వు వారికాహారమైనవి. ఒడలు వంచు పని తగ్గినది. నది యెండినచోట రోగము పాఱెను. 1965 మొదలు అచ్చట దీర్ఘకాలము పరిశోధన జరుపఁగా, ముప్పదియైదేండ్లు దాటినవారిలో దాదాపు సగముమందికి మధుమేహమున్నట్లు తెలిసినది. బాలబాలికలయందును రెండవ రకము కనఁబడెను.

ఇది రక్తములోని దోషమే యందురా? అదే జాతివారు సరిహద్దు కావల మెక్సికోకొండలలో నున్నారు. వారు పొలము దున్నుకొని, సాదా తిండి తినుచుండిరి. వారిలో మధుమేహము నూటికి 7 మందికి మించలేదు. అరిజోనావారిలో నూటికి 38 మందికిఁ గనఁబడెను. కనుక వంశముతోపాటు బ్రదుకుతెఱఁగును గారణమే. గర్భవతికి మధుమేహమున్నచో బిడ్డకు నది చిన్నవయసుననే వచ్చుట కవకాశము హెచ్చని కూడ నా జనమువలననే తెలిసినది.

ఆ పరిశోధకులే 2006 లో నొక లెక్కను ప్రకటించిరి. నడివయసువఱకు, అనఁగా 25 మొదలు 54 ఏండ్లలోపల, మూత్రపిండములు పూర్తిగఁ జెడినవారెందఱని చూచిరి. ఇరువదియేండ్లలోపల వ్యాధి వచ్చినవారిలో, వేయిమంది నొక సంవత్సరము చూచినచో, 25 మందికట్లు జరిగెను. పెద్దవయసున వచ్చినవారిలో 5 మందికి మాత్రమే. రోగము తొందరగ వచ్చినవాఁడు తొందరగ నప్పుల పాలైనవానివంటివాఁడు. వడ్డీ పెరుగుటకు వానికేండ్లెక్కువ.

ఇది యొక్క జాతి కథయే కాదని పిమ్మటఁ దేలినది. అమెరికాలోనే పది మొదలు పదునేడేండ్ల వయసున రెండవ రకము గల 699 మంది బాలబాలికలను 2004 మొదలు వెంబడించి చూచిరి. 2021 లోఁ బ్రకటించిన ఫలితముప్రకారము, సగటున ఇరువదియాఱేండ్ల వయసు వచ్చునప్పటికి, వారిలో నూటికి 55 మందికి మూత్రపిండముల రోగచిహ్నములు పొడసూపెను. ఇరువదియాఱేండ్లనఁగా మన యిండ్లలో పెండ్లిమాటలాడు వయసు!

మందులును ముందునకు సాగుచున్నవి. ఆపిలుచెట్టు వేరుపట్టనుండి తీసిన ఫ్లోరిజిన్ అను చేదు పదార్థము చక్కెరను మూత్రమునఁ బోఁగొట్టునని, పైని చెప్పిన ఫాన్ మేరింగు 1886 లోఁ జూపెను. నూఱేండ్లు దాటిన పిమ్మట నా మార్గముననే క్రొత్తమందులు పుట్టినవి. వానిలో నొకటగు కనాగ్లిఫ్లోజిన్ మూత్రపిండము లుడుగు నపాయమును నూటికి 30 పాళ్లు తగ్గించునని రెండవ రకపు రోగులగు 4,401 మంది పెద్దలయందు 2019 లోఁ దేలెను. ఒకనాఁడు రోగమునకు గుర్తైన తీపిమూత్రమే నేఁడు చికిత్సకు మార్గమైనది. కాని మొదటి రకమువారి కవి ప్రమాదకరములు గావచ్చును గాన, వైద్యుని మాటలేనిదే తాఁకరాదు.

ఉపాధ్యాయుఁడనగు నాకు నన్నిటికంటె మెచ్చుగొలిపినది జపానువారి పద్ధతి. అచ్చట 1974 మొదలు పాఠశాలలలోఁ బిల్లల మూత్రమును మాంసకృత్తుకొఱకు ఏఁటేఁటఁ బరీక్షించుచున్నారు. 1992 లో చక్కెర పరీక్షను గూడఁ జేర్చిరి. పిల్లవాఁడు పలక పుస్తకములతోపాటు చిన్న సీసాను బడికిఁ గొనిపోవును. అట్టి పద్ధతి నాఁడు మా బడిలో నుండియుండిన నేనా బాలుని బెంచీ యెక్కించి యుండను.

ఆ బాలుని తరువాతి కథ యిది. వాఁడు చదివి, యుద్యోగము సంపాదించెను. సూదిమందు మానలేదు, కాని పరీక్షలకుఁ బోలేదు. ఇరువదితొమ్మిదవ యేఁట కాళ్లు వాఁచినవి. ఎక్కువ నడచుటచే నని కొంద ఱనిరి. పైరునీరు పడలేదని కొంద ఱనిరి. వైద్యులు చూచునప్పటికి మూత్రపిండములు రెండును చెడియున్నవి. నేఁడు వారమునకు మూఁడుమారులు పట్టణమునకుఁ బోయి, నాలుగేసి గంటలు డయాలిసిస్ యంత్రముకడఁ బరుండి వచ్చుచున్నాఁడు. నేను చూడఁబోఁగా మంచముమీఁద లేచి కూర్చుండి, "కొంచెము నొప్పి యుండినను వెంటనే పోయి చూపించుకొనియుందును మాస్టరుగారూ! ఏమియు తెలియలేదండీ" అనెను. నాకు మాట రాలేదు.

కావున పెద్దలారా, మీకు నా విన్నప మిది. మితిమీఱి నీరు త్రాగుచు, మాటిమాటికి ఒంటికిఁ బోవుచు, చిక్కిపోవు పిల్లవానిని గసరక రక్తపరీక్షకుఁ బంపుఁడు. మధుమేహమున్న యువకునకు, రెండవ రకమైనచో తెలిసిన దినమునుండియు, మొదటి రకమైనచో నైదేండ్లు గడచినప్పటినుండియు, ఏఁడాది కొకమారు మూత్రములో నాల్బుమిన్‌ను, రక్తములో క్రియాటినిన్‌ను పరీక్షింపించుఁడు, రక్తపుపోటు చూపించుఁడు. పెండ్లి కాదను భయముచే జబ్బును దాఁచి చికిత్స మాన్పింపకుఁడు. నేను సంస్కృతము చదివినవాఁడను, ఆయుర్వేదమునం దాదరము గలవాఁడను. ఐనను చెప్పుచున్నాను: ఆకుపసరును నమ్మి యిన్సులిన్ మాన్పించినచో మొదటి రకము రోగి కొలఁదిదినములలోనే మరణింపవచ్చును. నొప్పిమాత్రలను విచ్చలవిడిగ మ్రింగనీయకుఁడు. అవి మూత్రపిండములకు శత్రువులు. శ్రీకాకుళముజిల్లా ఉద్దానసీమలోని మూత్రపిండవ్యాధి వేఱు; దానికి మధుమేహము మూలముగాఁ గానరాదు. కావున చక్కెర లేదని యచ్చటివారును పరీక్ష మానరాదు.

పూర్వపు తల్లిదండ్రులకు మందు లేకపోయెను. బిడ్డను చూచుచు నేడ్చిరి. తరువాతివారికి మందు దొరకెను గాని, ముందుగఁ దెలియు నుపాయము లేకపోయెను. మనకు రెండును గలవు. పరీక్షకుఁ గావలసినది గ్రుక్కెడు మూత్రము, కొంచెము రక్తము, ఏఁటి కొక పూఁట తీఱిక. ఊరి పెద్ద చెప్పిన మాటను గాదను నిల్లు మన పల్లెలలో నింకను దక్కువయే. ఆ మాట మీరు చెప్పుఁడు.